పరిధిలోకి రాని పేరా

గుంటూరు కోర్టు గేటు పక్కన
జిరాక్సు కొట్టు అరుగు మీద నా కంప్యూటరు.
పొద్దుటి నుంచి సదరు, మజ్కూరు, పైన తెల్పిన,
ఇవే కొట్టుకుంటూ ఉంటాను.
పేజీకి పాతిక. తప్పులు దిద్దితే ఊరికే.

దారా ఎస్తేరు, లా మూడో సంవత్సరం,
రూళ్ళ కాగితాల మీద రెండు వైపులా రాసిన
పోటీ వ్యాసం తెచ్చింది.
‘కక్షిదారుకి తన తీర్పు తన భాషలో.’
"మాటకెంత తీసుకుంటారన్నా?"
మాటలకు డబ్బు తీసుకునేవాళ్ళు లోపల ఉంటారమ్మా,
నాది పేజీల లెక్క.

కొట్టడం అయ్యాక తెర అడుగున అంకె చూశాం:
రెండు వేల తొమ్మిది వందల పద్నాలుగు.
పోటీవాళ్ళ హద్దు రెండు వేల అయిదొందలు.
ఒక్క మాట ఎక్కువైనా పక్కన పెడతారట.

ఇద్దరం కూర్చుని కోత మొదలెట్టాం.
ముందు ‘గౌరవనీయ’లు పోయాయి.
తరవాత ‘అనగా’లు, ‘ఈ సందర్భంగా’లు.
ఒక ‘మిక్కిలి’ మూల దాక్కుంటే నేనే పట్టుకున్నాను.
రాజ్యాంగం జోలికి పోలేదు.
ఎంత గీకినా అరవై.
ఇక మిగిలింది వాళ్ళమ్మ.

మిర్చి యార్డు వెనక కోల్డ్ స్టోరేజీలో
టిక్కీల దొంతర కూలి భుజం విరిగిన మనిషి.
ఆరేళ్ళు తిరిగితే తీర్పొచ్చింది,
పదకొండు పేజీలు, ఇంగ్లీషు.
వకీలు తిరుపతి వెళ్ళాడు.
మూడు రోజులు ఆ కాగితాలు పాలిథిన్ కవర్లో పెట్టుకుని
ఏడవాలో, అరకేజీ చికెన్ తెచ్చుకోవాలో
తెలియకుండా తిరిగింది.
ఎనిమిదో తరగతి కూతురు
‘వేరాజ్’ అన్న మొదటి మాటకే
డిక్షనరీలో వేలు పెట్టి ఆగిపోయింది.

"తీసెయ్యన్నా. చట్టం ఉంటే చాలు."
మీట నొక్కే ముందు, ఎందుకో,
ఆ పేరాని వేరే ఫైల్లో దాచాను.
పేరు పెట్టమని అడిగింది కంప్యూటరు.
‘అమ్మ’ అని కొట్టాను.

ఆదివారం కోర్టుకు సెలవు. చూద్దామని వెళ్ళాను.
మార్చి నెల. గాలి యార్డు వైపు నుంచి తిరిగింది.
మైకు ముందుకొచ్చిన ప్రతివాళ్ళూ
ముందు తుమ్మి, తరవాత నమస్కారం పెట్టారు.
మనిషికి ఏడు నిమిషాలు.
విజయవాడ కుర్రాడొకడు ఆరు తీర్పుల పేర్లు
నీళ్ళు తాగకుండా చెప్పాడు, గొంతు రేడియోలా ఉంది.

ఎస్తేరు వేసుకున్న నల్లకోటు ఎవరో సీనియరుది.
వేళ్ళ కొసలే బయటికి కనిపిస్తున్నాయి.
నాలుగు నిమిషాలకే వ్యాసం అయిపోయింది.
కాగితాలు బల్ల మీద బోర్లించింది.
అయిపోయిందా ఇంతేనా అని నేను ముందుకు వంగాను.
అప్పుడు ఎత్తుకుంది
నా దగ్గరున్న ఫైలు,
అక్షరం పొల్లుపోకుండా, వకీలు తిరుపతితో సహా.
నోటికి మాటల హద్దు లేదని,
గడియారం ఒక్కటే ఉందని
ఎప్పుడు కనిపెట్టిందో!

మధ్య కుర్చీలో రిటైరైన జడ్జిగారు
కళ్ళజోడు తీసి అడిగారు:
"ఇంతకీ అమ్మా, ఆ కేసు గెలిచారా?"
"అది నా వ్యాసం పరిధిలోకి రాదండి."
గంట కొట్టారు. ఎవరో తుమ్మారు.
చప్పట్లు ఆ తరవాతే.

రెండో బహుమతి, మూడు వేలు.
చెక్కు మీద పేరు ‘డి. ఈస్టర్’.
సోమవారం బ్యాంకుకు వెళ్ళి, తిప్పి పంపితే
పదకొండింటికి మళ్ళీ నా అరుగు ముందు.
అఫిడవిట్ కొట్టాను:
‘ఎస్తేరు అనియు ఈస్టర్ అనియు పిలువబడు ఇరువురును ఒక్కరే.
ఆ ఒక్కరు నేనే.’
చివరి వాక్యం నమూనాలో లేదు.
చదువుకుంది. తీసెయ్యమనలేదు.

పాతిక ఇచ్చింది, తీసుకున్నాను.
నాకన్నా చెప్పమ్మా, గెలిచిందా? అన్నాను.
నవ్వి, సంచిలోంచి పాత పాలిథిన్ కవరు తీసింది.
"నేను చెబుతుంటాను, మీరు తెలుగులో కొట్టండన్నా.
అమ్మకి మొత్తం ఎవ్వరూ చదివి వినిపించలేదు."

పదకొండు పేజీలు.
తెలుగులో ఎన్నవుతాయో తెలియదు.
కుర్చీ లాక్కోమన్నాను.